అన్నం పక్క, దారం పక్క

ఆ పొద్దు కూడా సూర్యుడు దక్షిణాన్నే పొడిచాడు.

రన్‌వే చివరి దీపాలకవతల, సముద్రం మీద పరుచుకున్న పల్చటి మబ్బు ముందు ఎర్రబడింది. తరవాత దాని కింద నుంచి నిప్పుకణికంత ముక్క బయటికి వచ్చింది. మిగతా ఆకాశమంతా కడిగి బోర్లించిన పళ్ళెంలా ఉంది. ఢిల్లేశు నడక ఆపి చూశాడు. ఆరేళ్ళుగా రోజూ చూస్తున్నదే. అది తూర్పని బుర్రకి తెలుసు. జేబులో ఉన్న దిక్సూచి తీసి చూస్తే ముల్లూ ఆ మాటే చెబుతుంది. ఒళ్ళు మాత్రం ఒప్పుకోదు. ఆకలేస్తోందని ఎలా తెలుస్తుందో, అది దక్షిణమని అలా తెలుస్తుంది.

చాలా ఎత్తున ఉల్లంకిపిట్టల గుంపొకటి దీవికేసి వస్తోంది. నాలుగు మైళ్ళ దూరంలో ఎవరో తెర కట్టినట్టు, గుంపంతా ఒక్కసారి వంగి దీవిని చుట్టుకుని వెళ్ళిపోయింది. ఒక్క పిట్టయినా కిందికి చూడలేదు.

ఢిల్లేశుది శ్రీకాకుళం జిల్లాలో గూడబాతులు వచ్చే ఊరు. పురిటికొచ్చిన ఆడపడుచులని ఆ ఊరివాళ్ళు ఆ పక్షుల్ని అంటారు. చెట్టు మీంచి పిల్ల జారిపడితే ఎత్తి మళ్ళీ గూట్లో పెట్టడం అతనికి నడక వచ్చినప్పటి నుంచీ పని. వెలూరా దీవుల విమానాశ్రయానికి పక్షుల సంగతి తెలిసినవాడు కావాలని ఏజెంటు చెబితే, వాటిని సాకడానికి కాబోలనుకుని పెళ్ళాం తవిటమ్మతో సహా వచ్చాడు. వచ్చాక చేతికి టపాకాయల తుపాకీ ఇచ్చారు. తోలడానికట.

తోలినా ఆగలేదవి. ఆ దీవి సరిగ్గా పక్షులు పోయే దారిలో ఉంది. ఆ దేశానికున్నది ఒక్కటే రన్‌వే. బియ్యం, మందులు, చూడ్డానికొచ్చే జనం, అంతా దాని మీదే దిగాలి. ఒక విమానం ఇంజన్లో పిట్టలు పడి వెనక్కి వచ్చింది. రెండోది సముద్రంలో పడింది. పంతొమ్మిది మంది. వాళ్ళని ఒడ్డుకి తెచ్చినప్పుడు మోసినవాళ్ళలో ఢిల్లేశు ఒకడు.

ఆ తరవాత టవరు లేచింది. పక్షి కంట్లో దిక్కు చెప్పే పదార్థమేదో ఉంటుందట. టవరు నుంచి వచ్చే సన్నటి అల దానికి మాత్రమే తగులుతుంది. దిక్సూచి ముల్లును కదపదు, విమానాన్ని కదపదు. ప్రాణమున్నదాని దిక్కును మాత్రం పావు చుట్టు తిప్పేస్తుంది. దీవి ఉండాల్సిన చోట పక్షికి దీవి ఉండదు. తన దారిన తాను పోతుంది. మనుషుల్లో ఆ పదార్థం పిసరంత, దానితో ఏమీ కాదన్నారు.

మొదట తెలిసింది గవరయ్యకి.

గవరయ్య సామాన్ల బండి తోలుతాడు. వరసకి ఢిల్లేశుకి బావ. సెలవు మీద బయల్దేరి, విశాఖపట్నంలో విమానం మెట్ల మీద పడ్డాడు. ఇంటికి మోసుకెళ్ళారు. నలభై రోజులు నేల మీద బోర్లా పడుకుని మంచం కోడు పట్టుకునే ఉన్నాడు. వదిలితే ఎటో జారిపోతానని భయం. తిన్నది తిన్నట్టు కక్కేశాడు. చివరికి స్ట్రెచరు మీద తిరిగి తెచ్చారు. విమానం చక్రాలు దీవి నేలను తాకేసరికి లేచి కూర్చుని, బెల్టు విప్పుకుని, తన కాళ్ళ మీద తాను దిగాడు.

"ఇంటికెల్లేవు, పెళ్ళాన్ని సూసేవా?" అనడిగితే, "సూసేనురా. అడ్డంగా" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఏడుపులోకి వెళ్ళిపోయింది.

అలా లెక్క తీస్తే నలభై ఒక్కరు తేలారు. వాళ్ళని మెల్లగా అసలు దిక్కుకి తేవాలని టవరును రోజుకో డిగ్రీ చొప్పున వెనక్కి తిప్పి చూశారు. నాలుగో రోజు తెల్లారేసరికి రన్‌వే నిండా పిట్టలు. ఢిల్లేశు తుపాకీ పేల్చలేక పేల్చాడు. ఐదో రోజు టవరును మళ్ళీ మొదటికి తెచ్చారు. అప్పటి నుంచీ ఊరికి పోయేవాళ్ళ పెట్టెలు విమానమెక్కించడం, వచ్చేవాళ్ళ పెట్టెలు దించడం, ముళ్ళకంచె ఇవతల నిలబడి రెక్కల మీది ఎండను చూడ్డం, ఇదే బతుకు.

అదీ సర్దుకున్నారు. సర్దుకోలేనిది ఒకటే. టవరు లేచిన నెలకి ఇందుమతి పుట్టింది. ఆ గుంటకి ఇంకో దిక్కు తెలియదు.

"పిల్లల్లో అది ఆరేళ్ళదాకా మెత్తగా ఉంటుంది" అని చెప్పింది డాక్టరు శేషప్రభ. "ఆరు నిండితే ఎముకలా బిగిసిపోతుంది. ఆలోపు బయటపడిందా, ఎక్కడైనా బతకొచ్చు. లేదా, మీలాగే."

ఆరు నిండడానికి ఇంకా నలభై రెండు రోజులుంది.

*

ఇనప గది టవరు మొదట్లోనే ఉంది. మంచి ఇనుముతో మూడు పొరలు కట్టిన గోడలు. లోపలికి టవరు అల రాదు. ఈ దీవి మీద అసలు దిక్కు ఉన్న చోటు అదొక్కటే. అందులో ఒక గంట నిలబడగలిగితే పిల్ల విమానమెక్కొచ్చు.

శేషప్రభ టవరు నమూనా గీసిన ఆరుగురిలో ఒకావిడ. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుంటుంది. మిగతా ఐదుగురూ వెళ్ళిపోయారు. ఆవిడకి టవరు జబ్బు పట్టలేదు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. వెళ్ళలేదు.

"బొమ్మలున్నాయి లోపల. ఆడుకుందామా?" అంటూ ఇందు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. తలుపు పడింది. ఢిల్లేశు బయట బల్ల మీద, లోపలిది చూపించే తెర ముందు నిలబడ్డాడు.

ఇందు నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు గాల్లోనే ఆగిపోయింది. పిల్ల రెండు చేతులూ చాచి, ఒక పక్కకి ఒరిగి, ఒరిగి, దభీమని పడింది. తెర పక్కనున్న పెట్టెలోంచి కేక వినిపించింది.

"నానా! నేల తూరుపేపు ఒరిగిపోతంది! పట్టుకో నానా!"

తాను వెళ్ళకూడదని అతనికి తెలుసు. తలుపు తీశాడు. గడప దాటి ఒక్క అడుగు వేశాడు. ఎవరో తలని గుప్పిట్లో పట్టుకుని మెలితిప్పినట్టయింది. నేల గోడైంది. మొహం ఎక్కడో కొట్టుకుంది. పాకుదామంటే ఎటు పాకాలో తెలియలేదు. పిల్ల ఏడుపు ఒకటే గుర్తు. దాన్ని పట్టుకుని చెయ్యి చాపితే చిన్న వేళ్ళు దొరికాయి.

తండ్రిని ఒక రెక్క, కూతుర్ని ఒక రెక్క పట్టుకుని, ఆ బక్కమనిషి శేషప్రభ ఇద్దర్నీ బయటికి ఈడ్చింది.

ముగ్గురూ వసారాలో కూలబడ్డారు. ఇందు తండ్రి చొక్కా పట్టుకుని నిద్రపోయింది. అతని పై పెదవి చిట్లి రక్తం కారుతోంది. శేషప్రభ దూది తెచ్చి ఇచ్చింది. ఆవిడ ఒక కాలికి చెప్పు లేదు.

"మీరెందుకు పడనేదమ్మా?"

"అదే తెలియట్లేదు ఢిల్లేశూ. టవరు కట్టకముందు మా ల్యాబులో రెండొందల మందిని దీని కింద ఏడాది ఉంచాం. ఒక్కరికీ పట్టలేదు. ఇక్కడ నలభై ఒక్కరికి పట్టింది. రక్తం చూశాను, చెవులు చూశాను, కళ్ళు చూశాను. తేడా కనపడదు."

అతను దూది నొక్కిపెట్టి కూర్చున్నాడు. ఊళ్ళో గూడబాతుల్ని చూస్తూ కూర్చున్నట్టే కూర్చున్నాడు, కదలకుండా, తొందర లేకుండా. తరవాత అన్నాడు.

"మీ సెప్పేదమ్మా?"

ఆవిడ తిరిగి చూసింది. "అదుగో, తలుపుకి ఎడం పక్కన."

"నానైతే తలుపుకి ఉత్తరాన ఉన్నాదంటాను."

శేషప్రభ అతని మొహంలోకి చూసింది.

"మా ఊళ్ళో అందరం అంతేనమ్మా. తూరుపేపు జరగరా అంటాం. కంచంలో ఉప్పు పడమటేపు ఎయ్యమంటాం. కుడీ ఎడమా అన్న మాట బళ్ళో డ్రిల్లుకే. వంటశాలలో బెజవాడ రంగనాయకులు నేడా? ఆరేళ్ళూ టవరు కిందే ఉన్నాడు. రెండుసార్లు ఊరెల్లొచ్చేడు. ఇంకా ఒళ్ళు సేసొచ్చేడు. ఆడు కుడీ ఎడమా అంటాడు. పట్టినోళ్ళ పేర్లన్నీ ఒకపాలి సూడండి. ఒక్కడు పట్నపోడుంటే సెప్పండి."

ఆవిడ లోపలికెళ్ళి కాగితాలు తెచ్చుకుంది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదువుకుంటూ పోయింది. సగంలో వేలు ఆగిపోయింది.

"మీ రెండొందల మందిలో ఊరోడెవడైనా ఉన్నాడేటమ్మా?"

"అంతా మా కాలేజీ పిల్లలు" అంది. "దగ్గర్లో దొరికినవాళ్ళు. ఒక్క పల్లెటూరి మనిషినైనా కూచోబెట్టి ఉంటే..." కాగితాలు ఒళ్ళో పెట్టుకుని టవరు మొదలుకేసి చూస్తూ ఉండిపోయింది. అల అందరికీ తగిలింది. దిక్కును రోజంతా నాలిక మీద పెట్టుకు తిరిగేవాళ్ళలోనే అది ముడిపడింది. వాళ్ళు అన్న ప్రతి మాటకీ ముడి ఇంకాస్త బిగిసింది. ఆవిడ అదంతా అతనికి చెప్పలేదు. అతనికి ముందే అర్థమైపోయిందని మొహం చూస్తే తెలిసింది.

"అయితే మాటాపేస్తే?" అన్నాడు.

"మీకు కుదరదు. మీది పుట్టినప్పటి అలవాటు. పాపకి మాత్రం, నలభై రోజులు ఆ మాటలు చెవిన పడకుండా, నోట రాకుండా చూడగలిగితే... చెప్పలేను. చూద్దాం."

"అది ఒదిలితే, గుంట ఒక్కత్తీ ఎలాగెల్తాది?"

"తవిటమ్మకి చెల్లెలుందన్నారు కదా, పలాసలో. నేను తీసుకెళ్ళి అప్పజెబుతాను. నాకేమీ కాదు కదా."

చివరి మాట ఆవిడ నేలకేసి చూస్తూ అంది.

*

సంగతి విని తవిటమ్మ ముందు మంచానికేసి చూసింది.

టవరు లేచిన మొదటి వారం ఆవిడకి నిద్ర లేదు. కడుపులో ఇందు. ఉత్తరాన తల పెట్టి పడుకున్నట్టుందని పొద్దస్తమానం గొణిగి, చివరికి నిండు చూలాలు ఒక్కత్తే ఆ ఇనప మంచాన్ని బరబరా ఈడ్చి తిప్పుకుంది. ఆ రోజు నుంచి ఇంట్లో టవరు చెప్పిందే దిక్కయింది.

"నానే కదా తిప్పినాను" అంది.

"ఇప్పుడదెందుకు?"

"నానే తిప్పినాను మావా."

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో నాలుగు మాటలు బందయ్యాయి. నాలుగంటే నాలుగే. అవి లేకపోతే ఇంట్లో ఏ మాటా నడవదని పొయ్యి వెలిగించే లోపే తెలిసింది.

"ఆ సెంబు తూ... ఇలాగ ఇయ్యి."

"ఎలాగ?"

"అలాగ. ఆ... నీ సేతికాడ!"

"ఏ సేతికాడ?"

తవిటమ్మ చెంబు తానే లేచి తీసుకుంది.

గవరయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటి బావా, మొగుడూ పెళ్ళాం నోట్లో నీళ్ళు పోసుకున్నారా? మీ దచ్చినపు గోడకి నా గొడుగు..."

గరిటె తిరిగింది. "ఓరి నీ నోరు పడ! గుంట ఇంట్లో ఉన్నాది! నడు!"

"ఓలమ్మో, గొడుగు అడిగితే కొడతావేటే?"

"గొడుగు అడుగు. అదెక్కడుందో సెప్పకు."

విషయం విన్నాక గవరయ్య మొహం మారిపోయింది. గొడుగు తీసుకోకుండానే వెళ్ళాడు. మర్నాడు ఆ వరసలో ఉన్న పదకొండిళ్ళకీ తానే తిరిగి చెప్పాడు. ఇందు కనిపిస్తే చాలు, వాగుడుకాయ గవరయ్య పెదాల మీద వేలు పెట్టుకుని దొంగలా పక్కకి తప్పుకునేవాడు. అది చూసి పిల్ల పడీ పడీ నవ్వేది.

కుడీ ఎడమా నేర్పాలి. ఢిల్లేశు ఎర్రదారం తెచ్చి పిల్ల కుడిచేతికి కట్టబోతే తవిటమ్మ ఆపింది. "ఆడగుంటకి ఎడంసేతికి కడతారు." అలా ఎడమ దారం పక్కయింది. రెండోది అన్నం తినే చెయ్యి కనక అన్నం పక్క. ఇందుకి అది ఆటలా ఉంది.

"అమ్మా, నీ దారం పక్కన సీమ పాకతంది!"

"అమ్మకి దారమేదే?"

"నాకుందిగా, నీకూ ఉన్నట్టే."

కష్టమంతా పెద్దవాళ్ళకే. నోరు తెరిస్తే ఏ మాటతో పాటు ఏది జారుతుందోనని పిల్ల ముందు మాటలే తగ్గించుకున్నారు. వాన వచ్చేటప్పుడు గాలి ఎటు తిరిగిందో చెప్పుకునేవాళ్ళు, అది మానేశారు. ఊరి కబుర్లు చెప్పుకోవాలంటే ఊళ్ళో ప్రతి వీధికీ దిక్కే పేరు, అదీ మానేశారు. తవిటమ్మ కూతురితో పాడుకునే పాటలో పొద్దుపొడుపు ఉందని పాట సగంలో మింగేసింది. మధ్యాహ్నం నిద్రకి పిల్లని రోజుకో వైపు తల పెట్టి పడుకోబెట్టమంది డాక్టరమ్మ. ఉత్తరాన తల పెట్టాల్సిన రోజున, పిల్ల లేచేదాకా ఆ తల కింద తన అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది తవిటమ్మ.

పద్దెనిమిదో రోజున ఇందు ఇసకలో ఆడుతూ తనలో తాను "పడమటేపు, పడమటేపు" అని పాడుకుంది. అది విన్న ఢిల్లేశు రన్‌వే పని వదిలి, తలుపు వేసుకుని, గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఇరవై ఆరో రోజున పాపని "మీ ఇల్లు ఎటుపక్క?" అని శేషప్రభ అడిగితే, పిల్ల కాసేపు ఆలోచించి, "నీళ్ళ టాంకీ దాటితే అన్నం పక్కన" అంది.

శేషప్రభ జుట్టులోంచి పెన్సిలు తీసి ఏదో రాసుకుంది. రాసుకున్నాక కూడా కాగితం మీంచి తల ఎత్తలేదు.

*

ముప్పై ఎనిమిదో రోజు. మళ్ళీ ఇనప తలుపు, మళ్ళీ తెర. ఈసారి తవిటమ్మ కూడా వచ్చింది. తెర వైపు చూడలేక మొగుడి భుజం వెనక నిలబడి, "నిలబడ్డాదా? నిలబడ్డాదా?" అని అడుగుతోంది.

ఇందు నాలుగడుగులు వేసింది. అయిదోది వేసింది. కొంచెం తూలి, కళ్ళు నులుముకుంది. "బంతేదీ?" అంది శేషప్రభ గొంతు.

"నీ కుర్సీకి దారం పక్కన" అని, వెళ్ళి తెచ్చుకుంది.

గంట గడిచింది. పిల్ల ఎగిరింది, గెంతింది, బొమ్మకి జడ వేసింది. తెరలో తన కూతురు తానెప్పటికీ నిలబడలేని నేల మీద పరుగెడుతుంటే ఢిల్లేశు కళ్ళార్పకుండా చూశాడు. రెక్కలొచ్చిన గూడబాతు పిల్ల మొదటిసారి కొమ్మ వదిలినప్పుడు ఊళ్ళో వాళ్ళంతా అరిచి గోల చేసేవాళ్ళు. అతనికి అరవాలనిపించింది. 

"నిలబడ్డాదా?" అంది తవిటమ్మ.

అతను పక్కకి తప్పుకున్నాడు, ఆవిడ చూడ్డానికి.

విమానం మర్నాడు పది గంటలకి. బయటికొచ్చాక శేషప్రభతో ఢిల్లేశు ఒక్క మాట అడిగాడు. "మళ్ళీ ఒస్తారా అమ్మా?"

"నలభై ఒక్కరున్నారు కదా ఇక్కడ" అందావిడ.

*

మర్నాడు తవిటమ్మ తెల్లారేలోపే వంట చేసింది. సీమపనస కూర, పాలపొడితో తోడేసిన పెరుగు. ఇందు కొత్త గౌనులో ఉంది. చేతికి దారం కొత్తది.

ఆ గదిలో అన్నానికి కూర్చునే చోటు ఒకటే. క్యాలెండరు ఉన్న గోడకి ఎదురుగా. వాళ్ళ ఒంటికి అదే తూర్పు. అందుకని ఇన్నేళ్ళుగా ముగ్గురూ ఆ గోడనే చూస్తూ తిన్నారు. కిటికీ వైపు మొహం పెట్టేవారు కారు. అది దక్షిణం. బతికున్నవాళ్ళు దక్షిణం ముఖంగా అన్నం తినరు. ఆ దిక్కు పోయినవాళ్ళది.

ఇందు తన కంచం తీసుకుని కిటికీకి ఎదురుగా కూర్చుంది. కిటికీ అవతల సూర్యుడు అప్పుడే రన్‌వే మీదికి వస్తున్నాడు. వెలుతురు ఉన్న చోట కూర్చుంది పిల్ల, అంతే. దాని మొహం, కంచం, దారం కట్టిన చెయ్యి ఎండలో ఎర్రగా ఉన్నాయి.

తవిటమ్మ చూసింది. "అటు కాదే, దచ్చి..." అని నోరు తెరిచి, గరిటె పట్టుకున్న చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇందు తిరిగి చూసింది. "నానా, నా దారం పక్కకి రా. ఇక్కడ ఎచ్చగా ఉన్నాది."

ఢిల్లేశు గోడకి ఎదురుగా ఉన్న తన కంచం చూశాడు. వంగి దాన్ని తీసుకున్నాడు. రెండడుగులు వేసి, కూతురి దారం పక్కన, కిటికీకి ముఖం పెట్టి కూర్చున్నాడు. ఒళ్ళంతా వద్దు వద్దంది. మెడ నరాలు బిగిశాయి. కళ్ళు మూసుకుని తెరిచాడు. సూర్యుడు అక్కడే ఉన్నాడు.

తవిటమ్మ ఇద్దరి వీపులూ చూస్తూ కాసేపు నిలబడింది. తరవాత వచ్చి ఇద్దరికీ వడ్డించింది. తనకీ వడ్డించుకుంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, కూతురి అన్నం పక్కన కూర్చుంది.

ముగ్గురూ తినడం మొదలుపెట్టారు. కూరలో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు. బయట తెల్ల విమానం మెల్లగా వచ్చి మెట్ల దగ్గర ఆగింది. దాని రెక్క నీడ కంచె దాటి, కిటికీ దాటి వాళ్ళ ముందున్న నేల మీద పడింది. తవిటమ్మ తన కంచంలోని పెరుగు మీగడ తీసి కూతురి కంచంలో వేసింది. ఢిల్లేశు తన కంచంలో మెత్తటి పనస ముక్క ఏరి అదే కంచంలో పెట్టాడు. ఇందు రెండూ కలుపుకుని తింది.